మీ ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా లేచారా?

ఆపరేషన్ గదికి ముందు ఇంకో చిన్న గది ఉంటుంది. మనిషిని స్ట్రెచర్ మీద తెచ్చి, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా అక్కడ ఉంచుతారు. గోడకి ఒక గడియారం, మూలన సింకు, పైకప్పు మీద నీటి మరక. పడుకున్నవాళ్ళకి చూడడానికి ఆ మరక తప్ప ఇంకేమీ ఉండదు. పెద్దాసుపత్రిలో ఆ గది మత్తు సిస్టర్‌ది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది గానీ, అది జీతాల రోజున తప్ప బయటికి రాదు. మత్తు డాక్టరు పక్కన పనిచేస్తుంది కనుక మత్తు సిస్టర్. కాఫీ కూడా రెండో కప్పు ముట్టని మనిషికి ఆ పేరేమిటో!

నిలబడి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. స్టూలు లాక్కుని పడుకున్న మనిషి మొహానికి సరిగ్గా తన మొహం వచ్చేలా కూర్చుంటుంది. చేతులు వేణ్ణీళ్ళ కింద పెట్టి, తుడుచుకుని, అప్పుడు గానీ మనిషిని ముట్టుకోదు. చల్లటి చెయ్యి తగిలితే సగం ప్రాణం అక్కడే పోతుందని ఆవిడ నమ్మకం. కట్టుడు పళ్ళున్నాయా, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా అని అడిగాక, అన్నిటికంటే చివర ఒక ప్రశ్న అడుగుతుంది.

"మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషనయ్యాక ఆలస్యంగా లేచారా?"

జడ్జిగారినీ అడుగుతుంది, చెత్తబండి తోలేవాడినీ అడుగుతుంది. ఒకావిడైతే, "మా ఆయన ఏ ఆపరేషనూ లేకుండానే మధ్యాహ్నం దాకా లేవడమ్మా, దానికేమైనా మందుందా?" అని ఎదురడిగింది. సిస్టర్ పడీపడీ నవ్వింది. నవ్వి, మళ్ళీ అదే ప్రశ్న వేసింది. జవాబు వచ్చేదాకా స్టూలు మీంచి లేవదు. మొండిఘటం!

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. దాని వెనక పెద్ద రగడే ఉంది.

కొన్నేళ్ళ కిందట ఏటి ఒడ్డు పేటల నుంచి ఒక తాపీ మేస్త్రీ చెయ్యి విరిగి వచ్చాడు. చిన్న ఆపరేషన్. గొంతులో గొట్టం వెయ్యడానికి ముందు కండరాలని వదులు చేసే మందు ఒకటి ఇస్తారు. కాసేపటికి ఆ మందు ఒంట్లోనే విరిగిపోతుంది, ఊపిరి దానంతటదే తిరిగి మొదలవుతుంది. మేస్త్రీకి మొదలవలేదు. ఊపిరి పోసే మిషన్ ఇంకొకరికి తగిలించి ఉంది. సిస్టర్ ఊపిరి అందించే రబ్బరు సంచి చేతిలోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ మొదలెట్టిన మనిషి, సాయంత్రం వీధి దీపాలు వెలిగేదాకా నొక్కుతూనే ఉంది. ఎవరైనా వచ్చి, "ఇలా ఇవ్వండి సిస్టర్" అంటే చెయ్యి మార్చుకునేది గానీ సంచి వదల్లేదు. మేస్త్రీ బతికాడు. ఇప్పటికీ దారిలో ఎదురైతే చేతిలోని తాపీ కింద పెట్టి మరీ నమస్కారం చేస్తాడు.

అలాంటివాళ్ళు ఇంకొందరు తగిలేసరికి మత్తు డాక్టరుకి అనుమానం వచ్చింది. చాలామంది రక్తం తీసి పరీక్షించాడు. ఆ మందుని విరగ్గొట్టే సరుకు కొందరికి పుట్టుకతోనే సరిగా ఉండదని తేలింది. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిసి వస్తేనే ప్రమాదం. ఏటి ఒడ్డు వాళ్ళలో అది కాస్త ఎక్కువ, ఊరికి ఎగువన మెట్ట మీద వాళ్ళలో తక్కువ. డాక్టరు 'తక్కువ' అని రాశాడు. 'లేదు' అని రాయలేదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆ మహానుభావుడు జాగ్రత్త కోసమని ఏటి ఒడ్డు వాళ్ళ ఫైళ్ళకి నీలం పట్టీ అతికించమన్నాడు. దాంతో కొంప మునిగింది.

ఊళ్ళో రెండు పార్టీలున్నాయి. మెట్ట వాళ్ళదే స్వచ్ఛమైన సంతతి, మిగతావాళ్ళు తర్వాత వచ్చి చేరినవాళ్ళు అనేది ఒకటి. దాన్ని జనం అసలు పార్టీ అంటారు. మనుషులంతా సమానం, తేడాల మాటెత్తడమే పాపం అనేది రెండోది. అది అందరి పార్టీ. నీలం పట్టీ సంగతి తెలియగానే అసలు పార్టీ వాళ్ళు ఎగిరి గంతేశారు. 'రక్తమే సాక్ష్యం చెప్పింది' అని గోడల నిండా పోస్టర్లు అంటించారు. మందుకి పడని ఒంటికీ మనిషి గొప్పతనానికీ సంబంధమేమిటని ఒక్కడూ అడగలేదు. అందరి పార్టీ వాళ్ళు ఒంటికాలి మీద లేచారు. ఇది సైన్సు కాదు, అవమానం అంటూ ఊరేగింపుగా వచ్చి ఆసుపత్రి గేటు ముందు కూర్చున్నారు. డాక్టరు కారు అద్దం ఎవరో పగలగొట్టారు. చివరికి ఆసుపత్రి కమిటీ ఒక ఉత్తర్వు వేసింది. ఎవరు ఏ జనమో రోగిని అడగకూడదు, సంతతి ఊసెత్తకూడదు. పట్టీలన్నీ పీకేశారు.

పాపం మత్తు సిస్టర్! ఆవిడకి ఈ గొడవ ఆసుపత్రి గేటు దగ్గర ఆగేది కాదు. పుట్టింటివాళ్ళు మెట్ట వాళ్ళే. సొంత అన్న అసలు పార్టీ మనిషి. ప్రెస్ నడుపుతాడు, ఆ పోస్టర్లు అతను అచ్చేసినవే. కట్టుకున్న ఆయన హైస్కూలు మాస్టారు, అందరి పార్టీలో ముందు వరస. ఆదివారం అందరూ వాళ్ళమ్మ ఇంట్లో భోజనానికి కలిసేవాళ్ళు. కలిశారంటే యుద్ధమే.

"చూశావా బావా, మీరు ఎంత మొత్తుకున్నా రక్తం అబద్ధం చెప్పదు" అనేవాడు అన్న.

"రక్తం ఏమీ చెప్పలేదు. మీ ప్రెస్సే చెబుతోంది" అనేవాడు మాస్టారు.

ఒకసారి ఇద్దరూ కంచాల్లో చేతులు పెట్టుకుని అరుచుకుంటుంటే సిస్టర్ అడిగింది. "డాక్టరుగారు రాసింది మీ ఇద్దరిలో ఎవరైనా చివరిదాకా చదివారా?"

ఇద్దరూ ఒక్కసారే మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. వాళ్ళు ఏకీభవించింది ఆ గ్లాసుల దగ్గరే.

ఆ గోలని మళ్ళించడానికి అమ్మ ఎప్పుడూ తన తమ్ముడి కథ ఎత్తుకునేది. వీళ్ళకి మేనమామ. సినిమా హాల్లో టిక్కెట్లు చింపే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంటిల్లిపాదికీ ఆయన నిద్ర మామ. హాల్లో ఆట మొదలవగానే గోడకానుకుని నిద్రపోయేవాడట. పెళ్ళిపీటల మీద కూడా తూలాడట. "వీడికి కడుపులో ఆపరేషనైతే రెండ్రోజులు లేవలేదర్రా! డాక్టర్లే భయపడ్డారు!" అని అమ్మ చెప్పేది. చెప్పినప్పుడల్లా నిద్ర ఇంకాస్త పొడుగయ్యేది. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నిద్ర మామ కూడా నవ్వేవాడు.

పట్టీలు పీకేసిన కొన్నాళ్ళకి మెట్ట మీద నుంచి ఒక కుట్టుపనిచేసే అమ్మాయి ఆపరేషన్‌కి వచ్చింది. ఆ అమ్మాయికీ ఊపిరి తిరిగి రాలేదు. మళ్ళీ సంచి, మళ్ళీ సిస్టర్ చేతులు. అమ్మాయి బతికింది గానీ, బయటికొచ్చాక సిస్టర్ సింకు దగ్గర నిలబడి ఏడ్చేసింది.

"నీలం పట్టీలున్న రోజుల్లో ఈ పిల్లకి పట్టీ ఉండేది కాదు సార్. పట్టీలు పీకేశాక ఎవరికీ లేదు. ఈ పిల్లని పట్టించుకున్నదెవరు?" అంది డాక్టరుతో.

డాక్టరు మనసున్నవాడు. తప్పు ఒప్పుకున్నాడు. "జనాన్ని కాదు సిస్టర్, ఇంటిని అడగాలి. పుస్తకాల్లో ఉన్నదే. మత్తు మందుకి మీ కుటుంబంలో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాం. అందరూ లేదంటారు."

"ఆ భాషలో అడిగితే నేనూ లేదనే అంటాను" అంది సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ. ఇద్దరూ ఆ సింకు పక్కనే నిలబడి ఆ ప్రశ్నని ఇంటి మాటల్లోకి తెచ్చారు. ఎవరు ఏ జనమని అడక్కూడదని ఉత్తర్వు. ఎవరు ఎప్పుడు లేచారని అడక్కూడదని ఎక్కడా లేదు కదా!

అయినా తిట్లు తప్పలేదు. ఇది పట్టీలనే దొడ్డిదారిన తెస్తోందని మాస్టారు ఇంట్లో ముఖం మాడ్చుకున్నాడు. మన వాళ్ళని ఎందుకు అడుగుతున్నావు, ఆ రోగం మనది కాదుగా అని అన్న ఫోన్ చేసి మరీ కేకలేశాడు. సిస్టర్ ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే స్టూలు లాక్కుని కూర్చుంది. నన్నడిగితే గొప్పతనమంటే అదీ.

ఇలా ఉండగా అన్నకి పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. మున్సిపల్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, అసలు పార్టీ తరఫున తనే అభ్యర్థి. ఈలోపు కోయించుకుని లేచి తిరగాలని ఆత్రం. పెద్దాసుపత్రిలో చేరాడు. పార్టీ కార్యదర్శి మంచం పక్కన కాపలా కూర్చున్నాడు. ముందురోజు మధ్యాహ్నం సిస్టర్ వార్డుకి వచ్చి, అన్నే కదా అని వదిలెయ్యకుండా, స్టూలు లాక్కుని అన్నీ అడిగి చివరి ప్రశ్న కూడా అడిగింది.

అన్న కార్యదర్శి వైపు చూసి నవ్వాడు. "మన ఇంట్లోనా? అందరం సూర్యుడికంటే ముందు లేచేవాళ్ళమే. ఒక్క నిద్ర మామ తప్ప!"

కార్యదర్శి కూడా నవ్వాడు. సిస్టర్ నవ్వలేదు. ఊళ్ళో వాళ్ళందరినీ అడిగింది, తన ఇంటిని తను అడగలేదు. సోమరితనం కథల్లో ఆ ఆపరేషన్ ముక్క కలిసిపోయి, చిన్నప్పటి నుంచీ నవ్వీ నవ్వీ దాన్ని వినడమే మానేసింది.

"అన్నయ్యా, మామయ్యకి ఆపరేషనయ్యాక లేవలేదు కదూ?"

అర్థమైంది అన్నకి. ప్రెస్సు నడిపేవాడికి ఆమాత్రం బుర్ర లేకపోదు. "అది సోమరితనం. రోగం కాదు" అన్నాడు గొంతు తగ్గించి.

"రక్తం తీసి చూద్దాం. నాలుగు రోజులు ఆగితే ఏం పోయింది?"

"ఏం పోయిందా? రేపు ఆ రిపోర్టు బయటికొస్తే నేను ఏ మొహం పెట్టుకుని ఓట్లడగాలి? నువ్వు నా చెల్లెలివా, మీ ఆయన పంపిన మనిషివా?"

కార్యదర్శి ఫోన్లు చేశాడు. సాయంత్రానికల్లా అన్నని అక్కణ్ణుంచి తీసుకెళ్ళి పార్టీవాళ్ళ నర్సింగ్ హోమ్‌లో చేర్పించారు. మెట్ట వాళ్ళని అక్కడ ఇలాంటి ప్రశ్నలు అడగరు. అది అక్కడి మర్యాదట! మర్నాడు పదింటికి ఆపరేషన్. సిస్టర్ అక్కడి డాక్టరుకి ఫోన్ చేస్తే, "అలాంటిదేమీ లేదని మీ అన్నగారే చెప్పారు కదమ్మా" అని పెట్టేశాడు.

పొద్దున్న సిస్టర్ సెలవు చెప్పి ఇంట్లోంచి బయల్దేరుతుంటే మాస్టారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్తే నీ మాట వింటాడా?"

"నా మాట వినడు. మామయ్యని తీసుకెళ్తున్నాను. మీరు వద్దన్నా సరే."

మాస్టారు పక్కకి జరిగి చెప్పులు తొడుక్కున్నాడు. "ఏ ప్రశ్నా అడగొద్దని కమిటీకిచ్చిన కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను" అని, ఇంటికి తాళం వేసి వెనకే వచ్చాడు.

నర్సింగ్ హోమ్ గదిలో అన్న అప్పటికే ఆకుపచ్చ గౌను వేసుకుని పడుకున్నాడు. పక్కన వదిన, కిటికీ దగ్గర కార్యదర్శి. చెల్లెలి వెనక నిద్ర మామని, ఆయన వెనక మాస్టారుని చూసేసరికి అన్న కళ్ళెర్రజేశాడు.

"ఊరంతా ఊరేగిస్తావా నన్ను? మామయ్యా, నువ్వైనా చెప్పు. నీది నిద్రే కదా?"

నిద్ర మామ స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆరోజు నవ్వలేదు.

"నేను నిద్రపోలేదురా" అన్నాడు.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"ఆరోజు నేను నిద్రపోలేదు. మెలకువగానే ఉన్నాను. కళ్ళు తెరుద్దామంటే రెప్పలు లేవవు. వేలు కదలదు. ఊపిరి తీసుకుందామంటే ఛాతీ నా మాట వినదు. అన్నీ వినిపిస్తున్నాయి. ఎవరో అమ్మాయి సంచి నొక్కుతోంది. పక్కవాళ్ళతో మాటల్లో పడితే నొక్కడం ఆపేసేది. అప్పుడు లోపల అరిచేవాణ్ణి. అమ్మా, నొక్కమ్మా, నేను బతికే ఉన్నానని. బయటికి వస్తేగా! మళ్ళీ గుర్తొచ్చి నొక్కేది. దీపాలు పెట్టే వేళకి కాలి బొటనవేలు కదిలింది."

సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నో సాయంత్రాలు ఆ సంచి నొక్కిన చెయ్యది.

"మరి ఎందుకు చెప్పలేదు మామయ్యా, ఇన్నేళ్ళూ?" అంది.

"లేవగానే మీ అమ్మ, 'అయ్యగారు లేచారర్రా!' అంది. అందరూ నవ్వారు. పోనీలే, ఏడవకుండా నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు కదమ్మా." ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. "అప్పట్నుంచీ వెల్లకిలా పడుకోవాలంటే భయం. రాత్రుళ్ళు నిద్ర రాదు. అందుకే హాల్లో కూర్చునే కునుకు తీసేవాణ్ణి. జనం మధ్యలో, చుట్టూ మాటలు వినిపిస్తుంటే ధైర్యంగా ఉండేది."

వదిన బావురుమంది. కార్యదర్శి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. సిస్టర్ 'నేను చెప్పలేదా' అనలేదు, అన్నని ఒక్క మాట కూడా అనలేదు. మామయ్య కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆయన కాలి బొటనవేలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ నవ్విన నవ్వంతా ఆ ఏడుపులో పోవాలన్నట్టు ఏడ్చింది.

కాసేపటికి మంచం మీంచి అన్న చెయ్యి చాపాడు. "రక్తం తీసుకోవే" అన్నాడు.

రిపోర్టు వచ్చింది. ఆ లోపం ఉంది. అమ్మ వైపు నుంచీ వచ్చింది, స్వచ్ఛమైన సంతతి అని అన్న ఎప్పుడూ రొమ్ము విరుచుకునే నాన్న వైపు నుంచీ వచ్చింది. ఆ మందు ఇచ్చి ఉంటే, ఏమీ తెలియని ఆ నర్సింగ్ హోమ్‌లో, సంచి నొక్కేవాళ్ళు మాటల్లో పడి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు!

దీంతో పార్టీలకి కళ్ళు తెరుచుకున్నాయనుకుంటున్నారా? అంత అదృష్టమా! అసలు పార్టీ అన్నని అభ్యర్థిగా తీసేసింది. నిద్ర మామ ముత్తవ్వ ఏటి ఒడ్డు నుంచే వచ్చి ఉంటుందని కార్యదర్శి ఒక కథ అల్లాడు. తండ్రి వైపు సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అందరి పార్టీ వాళ్ళు మిఠాయిలు పంచుకున్నారు. చూశారా, అందరికీ ఉంది, కాబట్టి ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదని తీర్మానించారు. ఆ సభలో మాస్టారు లేచి, "అందరికీ ఉండొచ్చు కాబట్టే అందరినీ అడగాలి" అన్నాడు. చప్పట్లు పడలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సిస్టర్ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

చివరికి పెద్దాసుపత్రిలోనే అన్న ఆపరేషన్. పైకప్పు మీద మరక ఉన్న ఆ చిన్న గదిలో పడుకున్నాడు. తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద వదిన, అమ్మ, మామయ్య, ఇంకా ప్రెస్సు కుర్రాళ్ళు, పాత పార్టీ స్నేహితులు కొందరు. అన్నీ తెలిసిన విషయమే కదా, ఇంకెవరైనా అయితే అడక్కుండా వదిలేసేవాళ్ళు. సిస్టర్ చేతులు వేణ్ణీళ్ళ కింద పెట్టి, తుడుచుకుని, స్టూలు లాక్కుంది.

"మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషనయ్యాక ఆలస్యంగా లేచారా?"

అన్న ఓసారి తలుపు వైపు చూశాడు. ఎన్నికల సభల్లో పనికొచ్చే గొంతది.

"మా మేనమామ! నిద్రపోయాడని ఇన్నేళ్ళూ నవ్వాం. ఆయన మెలకువగానే ఉన్నాడు" అన్నాడు, బయట బల్ల మీద వాళ్ళందరికీ వినిపించేలా.

అమ్మ పక్కకి తిరిగి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచీ ఆవిడ ఆ కథ మళ్ళీ చెప్పలేదు.

డాక్టరు వేరే మందు వాడాడు. గొట్టం తీసే వేళకి సిస్టర్ అన్న తల దగ్గర నిలబడి, సంచి చేతిలో సిద్ధంగా పట్టుకుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. సంచి అవసరం రాలేదు. అన్న ఛాతీ దానంతటదే లేచింది. స్ట్రెచర్ మీద బయటికి తెచ్చేసరికి మగతగా కళ్ళు తెరిచి, ఎవరి కోసమో చూపులతో వెతుకుతున్నాడు.

నిద్ర మామ అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. స్ట్రెచర్ పట్టుకుని, అన్న మొహంలోకి వంగి చూసి, నవ్వాడో ఏడ్చాడో తెలియని గొంతుతో అన్నాడు.

"ఏరా, ఇంత తొందరగా లేచావేంట్రా!"